షహర్-ఎ-నావ్: చావ్ ఫ్రాయా దరియా మీద రెండు రోజులు

బ్యాంకాక్ నుంచి అయుత్తయాకు రోడ్డు మీద ఎనభై కిలోమీటర్లు. రైలెక్కినా పొద్దున బయల్దేరి మధ్యాహ్నం ఖానాకు వెనక్కి రావొచ్చు. మేము మాత్రం పోవడానికే రెండు రోజులు తీసుకున్నాం. బియ్యం మోసిన పాత టేకు పడవలను బాగుచేసి, లోపల చిన్న గదులు కట్టి, యాత్రికులను నిదానంగా తిప్పుతుంటారు. అట్లాంటి పడవలో నేను, బేగం, పదమూడేళ్ల మా అమ్మాయి. "పైసలు ఎక్కువిచ్చి మరీ లేటుగా పోవుడేంది?" అని బేగం అక్కడే అడిగేసింది. సవాల్ సబబే. నా దగ్గరున్న జవాబు ఒక్కటే. మూడున్నర వందల ఏళ్ల కింద మన బందరు నుంచి బయల్దేరిన మనిషి ఆ నగరాన్ని నీళ్ల మీది నుంచే మొదట చూశాడు. నాకూ అట్లాగే చూడాలని ఉంది.

బందరు అంటే మచిలీపట్నం. ఫార్సీలో బందర్ అంటే రేవు. ఆ మాట అక్కడ ఊరి పేరై కూర్చుంది. బందరు లడ్డూ తినేవాళ్లలో ఎంతమందికి తాము ఒక ఫార్సీ లఫ్జ్‌ను నములుతున్నామని ఖయాల్ ఉంటుందో తెలియదు. ఉర్దూ మీడియం స్కూల్లో మాకు కుతుబ్‌షాహీలంటే చార్మినార్, గోల్కొండ ముట్టడి, తానాషా. తర్వాత డిగ్రీలో తెలుగు చదివినప్పుడు ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న సంగతి తెలిసి ఖుష్ అయ్యాను. సియాం దేశం పేరు మాత్రం ఆ పాఠాల్లోనూ లేదు, ఈ పాఠాల్లోనూ లేదు. గోల్కొండ సల్తనత్‌కు సముద్రం ఒకటుందని, ఆ సముద్రం అవతల మనవాళ్లు దర్బారుల్లో కూర్చున్నారని నాకు జర్నలిజంలోకి వచ్చాక, ఒక పాత పుస్తకాల దుకాణంలో ఇత్తెఫాక్‌గా తెలిసింది.

పడవ బ్యాంకాక్‌లో కదిలినప్పుడు ఎడమ గట్టున వాట్ అరుణ్ గోపురం, కుడి గట్టున రాజభవనాలు. అందరూ ఫొటోల్లో మునిగారు. తమాషా ఏమిటంటే వాటి మధ్య పారే ఆ వెడల్పాటి నీళ్లు అసలు దరియా కాదు. 16వ శతాబ్దంలో తవ్విన అడ్డదారి కాలువ. దరియా అక్కడ పెద్ద గుర్రపు నాడాలా వంపు తిరిగేది. అయుత్తయాకు పోయే ఓడలకు ఆ వంపులో రోజంతా వృథా అవుతోందని ఒక రాజు రెండు కొసలనూ కలిపి తవ్వించాడు. నీళ్లు సులువైన దారిని పట్టుకున్నాయి, కాలువ దరియా అయింది, దరియా సన్నబడి రెండు కాలువలయింది. ఆ సన్నబడిన పాత దరియాల్లో ఒకటి బ్యాంకాక్ యాయ్ కాలువ. దాని ఒడ్డునే తోన్‌సోన్ మస్జిద్ ఉంది. బ్యాంకాక్ రాజధాని కాకముందు, అయుత్తయా జమానా నుంచే ఉన్న జమాత్ అది. దానికి కొంచెం అవతల బాంగ్ లువాంగ్ మస్జిద్. తెల్లటి గోడలు, గుంబద్ లేదు, మినార్ లేదు. థాయి బౌద్ధ మందిరానికి ఉండే కప్పే దీనికీ ఉంటుంది. ముందురోజు అక్కడ జొహర్ చదివాం. "ఇది మస్జిద్ లెక్కనే లేదు" అంది అమ్మాయి. లోపల మెహ్రాబ్ చూశాక మాట్లాడలేదు.

పడవ మీద వంట చేసే ఆవిడకు మేము ముస్లింలమని చెప్పడం ఎట్లా అని కొంచెం ఫికర్ పడ్డాను. ఆవిడే మా బేగం తలమీద దుపట్టా చూసి "ఇసలాం?" అంది. తల ఊపాం. ఆ రెండు రోజులూ మాకు వేరే గిన్నెలో చేపలు, కూరగాయలు, గుడ్లు. పంది మాంసం తగిలిన కత్తి మా చేపకు తగలలేదని చూపించడానికి కత్తిని మా ముందే కడిగింది. థాయి భాషలో మనలాంటి వాళ్లకు ఇంకో మాట ఉంది, "ఖేక్". అతిథి అని అర్థం. హిందుస్తానీలు, ఇరానీలు, అరబ్బులు, మలయులు, అందరూ ఖేక్‌లే. నాలుగు వందల ఏళ్లు ఉన్నా అతిథే. ఆ మాట వాళ్ల నోట ఒకసారి మర్యాదగా, ఒకసారి చులకనగా పలుకుతుందని చదివాను. మాకు మాత్రం మర్యాదే దక్కింది.

నొంతబురి దాటాక నగరం తెరిపి ఇచ్చింది. గుర్రపుడెక్క తేలుతూ ఎదురొస్తోంది. ఇసుక నింపిన ఇనుప పడవలను నాలుగేసి వరసగా కట్టి ఒక చిన్న లాంచీ లాక్కుపోతోంది. కో క్రెత్ లంక దగ్గర మోన్ జాతి కుమ్మరులు మట్టి కుండలు చేస్తారు. ఆ లంక కూడా 1722లో వంపును తెంచి కాలువ తవ్వితే పుట్టిందే. ఈ దేశపు రాజులు దరియాను దర్జీ గుడ్డను కత్తిరించినట్టు కత్తిరించుకున్నారు. ఎందుకంటే ఓడలు తొందరగా రావాలి. ఓడలతోనే ఖజానా.

రాత్రి పడవను ఒక మందిరం రేవులో కట్టేశారు. ఇషా అయ్యాక డెక్ మీద కూర్చుని అమ్మాయికి ఆ నగరం పేరు కథ చెప్పాను.

అయుత్తయా అనే పేరు అయోధ్య నుంచి వచ్చింది. ఈ పేరు చెవిన పడితే మన ఇళ్లలో ఏం గుర్తుకొస్తుందో రాయక్కర్లేదు. 1351లో ఆ పేరుతో ఒక రాజధాని కట్టుకున్నది బౌద్ధులు. ఫార్సీ వర్తకులు మాత్రం దాన్ని ఆ పేరుతో పిలవలేదు. వాళ్ల రాతల్లో అది షహర్-ఎ-నవ్. 1442లో హొర్ముజ్ రేవులో అబ్దుర్రజ్జాక్ సమర్‌ఖందీ ఏయే దేశాల తాజిర్లు వచ్చారో జాబితా రాస్తూ ఈ పేరు కూడా రాశాడు. మన విజయనగరం చూసి వర్ణించిన అబ్దుర్రజ్జాకే ఈయన. నవ్ అంటే కొత్త, నౌరోజ్‌లో ఉన్న నౌ. షహర్-ఎ-నవ్ అంటే కొత్త పట్నం. దాన్నే కొందరు షహర్-ఎ-నావ్ అన్నారు. నూన్‌కూ వావ్‌కూ మధ్య ఒక్క అలిఫ్ చేరితే అర్థం పడవల పట్నమైపోతుంది. మూడు దిక్కుల నుంచి వచ్చే మూడు నదులు చుట్టుకున్న లంక, లోపల వీధులకు బదులు కాలువలు. ఆ అలిఫ్ పెట్టినవాడు తప్పు రాయలేదు. ఫార్సీ నావ్, ఉర్దూ నావ్, మన తెలుగు నావ. మా అమ్మాయి మూడింటినీ వేళ్ల మీద లెక్కబెట్టింది.

ఈ పట్నానికి 17వ శతాబ్దం మొదట్లో ఖుమ్ నగరం నుంచి షేక్ అహ్మద్ అనే తాజిర్ తమ్ముడితో కలిసి వచ్చాడని ఆయన ఖానదాన్ వాళ్లు రాసుకున్న తారీఖ్ చెప్తుంది. థాయి ఇంటి ఆడపడుచును నికాహ్ చేసుకున్నాడు. తిజారత్ పెరిగింది. సాంగ్‌థమ్ రాజు కాలంలో పడమటి సముద్రం నుంచి వచ్చే ఓడల వ్యవహారమంతా ఆయన చేతికి వచ్చింది. ముస్లింల పెద్దగా చులారాజమొంత్రీ అనే పదవి కూడా ఆయనదే. షేఖుల్ ఇస్లాం అన్నమాట. ఆ పదవి ఈరోజుకీ ఉంది.

ఆ పడమటి ఓడల్లో మన వాటా చిన్నదేం కాదు. బందరు, నిజాంపట్నం రేవుల నుంచి అద్దకం బట్టలు సియాం పోయేవి. కృష్ణా తీరంలో దొరికే చిరివేరు ఎరుపు ఇంకెక్కడా రాదు. సియాం రాజదర్బారు తమకు కావలసిన పూలు, తీగలు, దేవతల నమూనాలు పంపితే ఇక్కడి అద్దకంవాళ్లు అట్లాగే అద్దేవారు. ఏ గట్టున కూర్చున్నాడో ఆ తెలుగు అద్దకపు మనిషి, తాను ఎన్నడూ చూడని దేశపు దేవతకు కళ్లు దిద్దుతూ! తిరుగు ఓడల్లో తగరం, సుగంధపు చెక్క, ఏనుగులు వచ్చేవి. అవును, ఏనుగులే. మెర్గుయీ రేవులో ఓడకెక్కించి బంగాళాఖాతం దాటించి బందరులో దించేవారు. మెర్గుయీ ఇప్పుడు బర్మాలో ఉంది, అప్పుడు సియాందే. బందరు నుంచి పోయే మనిషి మెర్గుయీలో దిగి, తెనస్సరీం దాకా చిన్న పడవలో, అక్కడి నుంచి ఏనుగుల మీద, ఎద్దుబండ్ల మీద కొండలు, అడవులు దాటి, అవతలి సముద్రంలో మళ్లీ పడవెక్కి, చివరికి ఈ చావ్ ఫ్రాయాలోకి వచ్చేవాడు. ఆ దారిలోని పెద్ద ఊళ్లకు చాలాకాలం గవర్నర్లు మన ఇరానీ, హిందుస్తానీ ముస్లింలే.

1656లో నారాయ్ రాజు గద్దెనెక్కడంలో అయుత్తయా ఇరానీల చెయ్యి ఉంది. మొహర్రం మాతం పేరుతో జమాయించి మహల్ మీదికి పోయారని తర్వాత వచ్చిన ఒక ఇరానీ మున్షీ రాశాడు. షియా ఖానదాన్‌లు కదా, తాజియా వాళ్లకు ప్రాణం. మాతం పేరుతో తఖ్తు రాజకీయం నడపడం నాకైతే గొప్పగా అనిపించలేదు. ఏమైనా నారాయ్ దోస్తీ నిలబెట్టుకున్నాడు. మొహర్రం ఖర్చు రాజ ఖజానా నుంచే ఇచ్చేవాడట. ఇరానీ ఖానా, ఇరానీ లిబాస్ అంటే షౌఖ్. ఆస్తరాబాద్‌కు చెందిన ఆఖా మొహమ్మద్ ఆయనకు వజీర్ లాంటివాడై, హిందుస్తాన్‌లో ఉంటున్న ఇరానీలను పిలిపించి రాజుకు అంగరక్షకుల దళం కట్టాడు.

భాషలో ఆ జమానా ఇంకా మిగిలింది. థాయివాళ్లు గులాబీని కులాప్ అంటారు. అంగూర్‌ను అంగున్ అంటారు. తరాజు వాళ్ల నోట త్రాచూ. మనం సకలాతు అనే మందపాటి గుడ్డ వాళ్లకు సక్కలాత్. మస్సమన్ కూర అని బాదం లాంటి గింజలు, ఆలుగడ్డ, మాంసం వేసి వండేది ప్రపంచమంతా తింటోంది. ముసల్మాన్ అన్న మాటే అట్లా మారింది. పడవ వంటావిడ రెండో రోజు మాకు దాన్ని చేపతో చేసి పెట్టింది. రుచి అటూ ఇటూ అయినా మర్యాద కోసం గిన్నె ఖాళీ చేశాం.

ఇప్పుడు అఫ్సోస్ భాగం. ఆఖా మొహమ్మద్ స్థానం పోయాక దర్బారులో కాన్‌స్టాంటిన్ ఫాల్కన్ అనే గ్రీకువాడు పైకొచ్చాడు. ముస్లింలు చేసే వర్తకాన్ని ఒక్కొక్కటే లాగేసుకున్నాడు. మెర్గుయీలో మనవాళ్లను తీసేసి ఆంగ్లేయులను కూర్చోబెట్టాడు. షాబందర్‌గా వచ్చిన శామ్యూల్ వైట్ అంతకుముందు సియాం రాజు ఓడలో బందరుకు ఏనుగులు చేరవేసిన కెప్టెనే. బందరు వీధులు వాడికి బాగా తెలుసు. 1685 ప్రాంతంలో సియాం గోల్కొండ మీద జంగ్ ప్రకటించింది. జంగ్ అంటే ఫౌజులు కాదు. వైట్ ఓడలు బంగాళాఖాతంలో గోల్కొండ తాజిర్ల ఓడలను పట్టుకుని దోచుకోవడమే. సియాం జెండా, ఆంగ్లేయుల జేబు.

సరిగ్గా అదే సమయానికి ఇరాన్ షా సులేమాన్ పంపిన ఎల్చీ బృందం వచ్చింది. మద్రాసు మీదుగా మెర్గుయీ చేరి, కొండలు దాటింది. పెద్ద ఎల్చీ రాజును చూడకముందే వఫాత్ అయ్యాడు. బృందంలోని మున్షీ మొహమ్మద్ రబీ ఈ సఫర్ మొత్తాన్ని సఫీనయె సులేమానీ అనే కితాబ్‌గా రాశాడు. సులేమాన్ ఓడ అని అర్థం. నేను దాని ఆంగ్ల అనువాదాన్ని పడవలో పక్కన పెట్టుకునే కూర్చున్నాను. ఎంతో సమాచారం ఉంది, మొహర్రం సంగతి రాసినదీ ఈయనే. కానీ చదువుతుంటే గొంతులో ముల్లులా గుచ్చుకునేది ఒకటుంది. అన్నం పెట్టిన దేశాన్ని ఆ మున్షీ అడుగడుగునా ఈసడిస్తాడు. వాళ్ల తిండి, వాళ్ల బట్ట, వాళ్ల పూజ, ఏదీ ఆయన కంటికి ఆనదు. మా చేపకోసం కత్తి కడిగిన ఆవిడ మాకు నాలుగడుగుల దూరంలో ఉల్లిపాయలు తరుగుతుండగా ఆ పేజీలు చదవడానికి సిగ్గేసింది. ఫ్రెంచి రాయబారులు నారాయ్‌ను ఈసాయీ చేద్దామని వచ్చారు, ఇరానీలు ఇస్లాంలోకి తెద్దామని వచ్చారు. రాజు ఇద్దరికీ మర్యాద చేసి, తన దీన్‌లోనే ఉండిపోయాడు.

ఆ తర్వాత మూడేళ్లలో అంతా కూలిపోయింది. 1686లో అయుత్తయాలో తలదాచుకున్న మకాసర్ ముస్లింలు తిరగబడి తుడిచిపెట్టుకుపోయారు. 1687 జూలైలో మెర్గుయీ జనం ఆంగ్లేయుల మీద పడ్డారు, వైట్ తప్పించుకుని పారిపోయాడు. సెప్టెంబరులో గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయింది. సియాంతో లెక్క తేల్చుకోవాల్సిన సల్తనతే లేకుండా పోయింది, తానాషా దౌలతాబాద్ ఖైదులోకి వెళ్లాడు. 1688లో ఫాల్కన్ తల తెగింది, ఆ వెంటనే నారాయ్ కన్నుమూశాడు. మనం గోల్కొండ పతనాన్ని కోట తలుపు తెరిచిన ద్రోహి కథగానే పిల్లలకు చెప్తాం. ఆ సంవత్సరం బందరు రేవులో ఓడ పోగొట్టుకుని కూర్చున్న తాజిర్ కథ కూడా ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

రెండో రోజు పొద్దున బాంగ్ పా-ఇన్ వేసవి మహల్ దగ్గర ఆగాం. 1880లో అక్కడికి వస్తూ రాణి సునంద పడవ బోల్తాపడి బిడ్డతో సహా మునిగిపోయింది. రాజవంశీకులను తాకకూడదన్న కానూన్ వల్ల చుట్టూ ఉన్నవాళ్లు చెయ్యి అందించలేదని చెప్తారు. బేగం అక్కడ మహల్ చూడలేదు, నీళ్లనే చూసింది.

మధ్యాహ్నం దాటాక దరియా వంపు తిరిగి అయుత్తయా కనిపించింది. ముందు పాత పరాయి బస్తీల జాగా వస్తుంది. ఒక గట్టున జపానువాళ్లది, ఎదురు గట్టున పోర్చుగీసువాళ్లది. వాళ్లంతా కోట బయటే. ముస్లింలకు మాత్రం గోడ లోపల ఇటుక ఇళ్ల వీధి ఉండేదని అప్పటి యూరప్‌వాళ్లు రాశారు. పడమటి వైపు వాట్ చైవత్తనారాం గోపురాలు ఎండలో ఎర్రగా నిలబడ్డాయి, 1630 నాటివి. 1767లో బర్మా ఫౌజులు నగరాన్ని కాల్చేశాయి. తల తెగిన బుద్ధ విగ్రహాలు వరసలుగా కూర్చుని ఉన్నాయి. ఇటుక గోడల మీద గడ్డి.

షేక్ అహ్మద్ మజార్ ఒక యూనివర్సిటీ ఆవరణలో ఉంది. తెల్ల చొక్కా, నల్ల లంగా వేసుకున్న అమ్మాయిలు ఫోన్లు చూసుకుంటూ పక్కనుంచే పోతున్నారు. ఫాతిహా చదివాం. తర్వాత అమ్మాయి అడిగింది, "అబ్బా, ఈయన పిల్లలు ఇప్పుడెక్కడున్నారు?"

ఇద్దరన్నదమ్ముల కథ చెప్పాల్సి వచ్చింది. షేక్ అహ్మద్ వంశంలో 18వ శతాబ్దంలో సేన్, చేన్ అని ఇద్దరు. రాజు బొరొమ్మకోట్ బుద్ధ పాదముద్ర యాత్రకు బయల్దేరాడు. వెంట పోవాలంటే బౌద్ధుడై ఉండాలి. వాళ్ల తండ్రి మతం మార్చుకుని వెళ్లాడు. సేన్ కూడా బౌద్ధుడే అయ్యాడు. చేన్ ముస్లింగానే ఉండి చులారాజమొంత్రీ అయ్యాడు. సేన్ కొడుకు బున్నాగ్. ఆ పేరే తర్వాత ఇంటిపేరైంది. బున్నాగ్‌లు బ్యాంకాక్ రాజుల పక్కన మంత్రులై, 19వ శతాబ్దంలో సగం దేశాన్ని నడిపారు. చువాంగ్ బున్నాగ్ 1868 నుంచి 1873 దాకా బాలరాజు తరఫున రాజ్యమే చేశాడు. చేన్ వైపువాళ్లు 20వ శతాబ్దం దాకా తరతరాలుగా ముస్లింల పెద్దరికం మోశారు. రెండు వైపులవాళ్లూ ఈ మజార్‌ను తమ పెద్దాయనదే అనుకుంటారు.

"సేన్ తప్పు చేశాడా?" అంది. దీన్ విషయంలో నాకున్న జవాబు దానికీ తెలుసు. అయినా అడిగింది ఆ సంగతి కాదని ముఖం చూస్తే అర్థమైంది. దాని క్లాసులో ముస్లిం పిల్ల అది ఒక్కతే. తమ్ముడు తర్వాత అన్నతో మాట్లాడాడో లేదో తనకు కావాలి. "ఇద్దరూ ఒకే ఊళ్లో, ఒకే దర్బారులో ఉన్నారు బేటా" అన్నాను. అంతకంటే నా దగ్గర లేదు.

సాయంత్రం ఊళ్లో ఆసుపత్రి ముందున్న వీధికి నడిచాం. అక్కడ వరసగా ముస్లింల మిఠాయి దుకాణాలు. రోటీ సాయ్ మాయ్ అంటారు, సాయ్ మాయ్ అంటే పట్టుదారం. పెనం మీద పిండిముద్దను అలా తాకించి తీస్తే పల్చటి ఆకుపచ్చ రోటీ వస్తుంది. చక్కెర పాకాన్ని సాగదీసి తీసిన దారాలు అందులో పెట్టి చుట్టి తినాలి. హిజాబ్ కట్టుకున్న ముసలామె మా సలాంకు జవాబిచ్చి ఎక్కడివాళ్లమని చేతులతోనే అడిగింది. "ఇండియా" అన్నాను. పిల్లకు ఒకటి ఊరికే చుట్టి ఇచ్చింది. అది నోట్లో పెట్టుకుని, వెంటనే వాళ్లమ్మ వైపు తిరిగి, "అమ్మీ, ఇది మన బుడ్డీకే బాల్!" అని అరిచింది. ముసలామెకు మాట అర్థం కాకపోయినా నవ్వి, ఇంకో రోటీ పెనం మీదికి వేసింది.